తుంటి మార్పిడి: కాగితం మీద మూడు రేట్లు, రాయని పేరు

ప్రశ్న: మా ఆయనకు 43 ఏళ్లు. ఎలక్ట్రీషియన్. 2021లో కోవిడ్‌తో ఆస్పత్రిలో ఉన్నప్పుడు స్టెరాయిడ్లు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి కుడి గజ్జల్లో నొప్పి మొదలైంది, తర్వాత కుంటడం. ఎంఆర్‌ఐ తీస్తే రెండు తుంటులకూ ఏవీఎన్, అంటే రక్తం అందక ఎముక చచ్చిపోవడం, అన్నారు. కుడివైపు బంతి కుంగిపోయింది, మార్చక తప్పదని ఇద్దరు డాక్టర్లు చెప్పారు. ఎడమవైపు ఇంకా మొదటి దశేనట. ఆస్పత్రిలో మూడు రేట్లు రాసిచ్చారు: మెటల్ ఆన్ పాలీ, సిరామిక్ ఆన్ పాలీ, సిరామిక్ ఆన్ సిరామిక్. మొదటిదానికీ మూడోదానికీ లక్షా పాతిక వేలు తేడా. మూడోది వేయిస్తే జన్మలో మళ్లీ చూసుకోనక్కర్లేదని మా మరిది అంటున్నాడు. అందుకోసం నా గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నాం. లండన్‌లో నర్సుగా ఉన్న మా పిన్ని కూతురేమో అక్కడ సిమెంటుతో బిగిస్తారంటోంది. ఇక్కడ డాక్టరుగారు సిమెంటు వద్దన్నారు. ఎవరి మాట నమ్మాలి? ఆపరేషన్ తర్వాత ఆయన కింద కూర్చుని భోంచేయగలరా? నిచ్చెన ఎక్కగలరా?
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు గాజులు చేతికే ఉంచుకోండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీరు పంపిన ఆ కాగితం ఫొటోను పెద్దది చేసి చూశాను. మూడు వరుసలు, మూడు అంకెలు. మూడో వరుస పక్కన 'ఇంపోర్టెడ్' అని రాసి కింద రెండు గీతలు గీశారు. కంపెనీ పేరు లేదు. మోడల్ పేరు లేదు. బంతి ఎన్ని మిల్లీమీటర్లో లేదు. టీవీ కొనడానికి వెళ్తే షాపువాడు ఇంతకంటే ఎక్కువ వివరం రాసిస్తాడు. మీ డాక్టరుగారిని తప్పు పట్టడం లేదు. ప్యాకేజీ కాగితాలు తయారయ్యేది బిల్లింగ్ కౌంటర్లో, ఆపరేషన్ థియేటర్లో కాదు. కానీ మీరు అడగాల్సింది ఆ కాగితంలో ఉన్న రేటు గురించి కంటే, అందులో లేని పేరు గురించే.

నన్నడిగితే మీ ఆయనకు రెండో వరుస చాలు. సిరామిక్ బంతి, దానికి హైలీ క్రాస్‌లింక్డ్ పాలీ లైనరు, సిమెంటు లేకుండా బిగించే కప్పు, కాడ. రెండో వరుసకు కూడా డబ్బు అందకపోతే, మొదటి వరుసలో ఇచ్చేది అదే రకం పాలీయా కాదా కనుక్కోండి. అదే అయితే మరీ దిగులు పడాల్సిన పనిలేదు. ఈ ముక్కలేమిటో, ఎందుకలా అంటున్నానో చెబుతాను.

కొత్త తుంటి ఒకే ముక్క కాదు, నాలుగు ముక్కలు. కటి ఎముకలో గిన్నెలా కూర్చునే లోహపు కప్పు ఒకటి. ఆ కప్పు లోపల ఇమిడే లైనరు రెండోది. తొడ ఎముక గొట్టంలోకి దిగే కాడ, అంటే స్టెమ్, మూడోది. కాడ మెడ మీద కూర్చునే బంతి నాలుగోది. కప్పూ కాడా ఎముకను పట్టుకుని కదలకుండా ఉండాలి. బంతీ లైనరూ ఒకదానిమీద ఒకటి నున్నగా జారాలి. మీ కాగితంలో రాసినవి ఈ రెండో జత పేర్లు మాత్రమే. 'సిరామిక్ ఆన్ పాలీ' అంటే బంతి సిరామిక్, లైనరు పాలిథిన్. ఎముకలో దిగే కప్పు, కాడ ఏవో, అవి ఎన్నేళ్ల నుంచి వాడుకలో ఉన్నాయో ఆ కాగితం చెప్పదు. నడక ఆధారపడేది మాత్రం నాలుగింటి మీదా.

పాలీ అనగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. 'ప్లాస్టిక్కా సార్?' అంటారు. ప్లాస్టిక్కే. కానీ దాని వెనక కథ ఉంది. ఇప్పటి తుంటి మార్పిడికి పునాది వేసింది జాన్ చార్న్‌లీ అనే ఇంగ్లిష్ సర్జన్. లాంకషైర్‌లోని రైటింగ్టన్ ఆస్పత్రిలో పనిచేసేవాడు. 1950ల చివర్లో ఆయన లైనరుకు టెఫ్లాన్ వాడాడు, మన పెనాల మీద పూసే ఆ టెఫ్లానే. జారడానికి దానంత నున్ననిది ఇంకోటి లేదు కదా అని. రోగులు మొదట్లో ఎగిరి గంతేసినంత పనిచేశారు. రెండు మూడేళ్లకే అది అరిగి పొడైపోయింది, ఆ పొడి ఎముకను తినేసింది. దాదాపు 300 మందికి వేసినవన్నీ ఒక్కొక్కటిగా తిరగబడ్డాయి. ఆ పొడి ఒంట్లో ఏం చేస్తుందో చూడాలని చార్న్‌లీ తన తొడలోనే దాన్ని ఎక్కించుకున్నాడు. అలాంటి మనిషి.

1962లో ఒక సేల్స్‌మన్ లాంకషైర్ మగ్గాల గేర్లకు వాడే కొత్త ప్లాస్టిక్ ముక్క పట్టుకొచ్చాడు. చార్న్‌లీ దాన్ని బొటనవేలి గోటితో గీకి చూసి, ఇది పనికిరాదని పక్కకెళ్లిపోయాడు. ఆయన దగ్గర పనిచేసే టెక్నీషియన్ హ్యారీ క్రావెన్ మాత్రం, వచ్చింది కదా అని అరుగుదల యంత్రానికి బిగించి వదిలేశాడు. టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అది మూడు వారాలకు అరగలేదు. ఆ ఏడాది నవంబరులోనే రోగికి వేశారు. గోరు ఓ మాట చెప్పింది, యంత్రం ఇంకో మాట చెప్పింది. ఇంప్లాంట్ల విషయంలో ఈ తేడా ఇప్పటికీ తీరలేదు. చేత్తో పట్టుకుంటే బాగున్నది ఒంట్లో బాగుంటుందన్న నమ్మకం లేదు.

ఆ పాలిథిన్‌కీ లోపం లేకపోలేదు. నా టేబుల్ సొరుగులో ఒక పాత లైనరు ఉంది. పద్దెనిమిదేళ్లు ఒక స్కూలు టీచరుగారి ఒంట్లో ఉండి, రీ ఆపరేషన్లో బయటకొచ్చింది. వైద్య విద్యార్థులకు చూపించడానికి దాచాను. కళ్లు మూసుకుని వేలు పెట్టి తిప్పినా తెలుస్తుంది: ఒకవైపు అంచు మందంగా ఉంటుంది, పైవైపుకొచ్చేసరికి వేలు గోతిలోకి దిగుతుంది. పాతరకం పాలీ ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు చొప్పున అరిగేది. వినడానికి ఎంత? కానీ అలా రాలిన కంటికి కనిపించని రేణువుల్ని ఒంట్లోని కణాలు మింగబోయి, అరిగించుకోలేక, పక్కనున్న ఎముకను కరిగించేస్తాయి. కప్పు లూజవుతుంది. టీచరుగారికి అదే జరిగింది.

1990ల చివర్లో పాలీకి రేడియేషన్ ఇచ్చి, వేడిచేసి, దాని అణువుల గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేసే పద్ధతి వచ్చింది. అదే హైలీ క్రాస్‌లింక్డ్ పాలీ. కొన్నింటికి విటమిన్ ఇ కూడా కలుపుతారు. అరుగుదల ఎంత తగ్గిందంటే, ఏడాదికి ఎంతో కొలవడానికి మామూలు ఎక్స్‌రే చాలదు. ఆస్ట్రేలియాలో 1999లో మొదలుపెట్టి తుంటి, మోకాలి ఆపరేషన్ల లెక్క దేశమంతటా రాసిపెడుతున్నారు. ఆ రిజిస్ట్రీ లెక్కల్లో పాత పాలీ కంటే కొత్త పాలీ వేసిన వాళ్లలో రీ ఆపరేషన్లు ఇంచుమించు సగానికి తగ్గాయి. నా సర్వీసులో చూసిన మార్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. దానికి ప్రచారం లేదు, రోబోలా ఫొటోకి నిలబడదు, తెల్లటి ప్లాస్టిక్ గిన్నె అంతే. అందుకే 'పాలీ' అని రాసి ఉన్నచోట ఏ పాలీ అని అడగండి. ధర తగ్గించడానికి కొన్నిచోట్ల ఇంకా పాతరకం వేస్తున్నారు. 43 ఏళ్ల మనిషికి అది వద్దు.

ఇక మీ మరిది చెప్పిన సిరామిక్ ఆన్ సిరామిక్. ఆయన మాటలో సగం నిజం ఉంది. రెండు సిరామిక్‌లు రాసుకుంటే అరుగుదల దాదాపు ఉండదు. పాత పాలీ రోజుల్లో కుర్రవాళ్లకు మేమే అది వేయించుకోమని చెప్పేవాళ్లం. ఈ సిరామిక్ మన ఇంటి టైల్సూ, ఊరగాయ జాడీలూ కాదు. అల్యూమినా, జిర్కోనియా కలిపి చేసేది. ఇప్పటి బంతి లేత గులాబీ రంగులో ఉంటుంది, పాతవి దంతం రంగులో ఉండేవి. పగలడం ఇప్పుడు చాలా అరుదు. కానీ పగిలితే మాత్రం గాజుముక్కల్లాంటి పొడి కండల్లోకి చిమ్ముతుంది. మొత్తం ఏరిపారేయడం ఎవరితరమూ కాదు. మిగిలిన పొడి తర్వాత వేసే లోహపు బంతిని గరగరా గీకేస్తుంది కనుక, అలాంటప్పుడు మళ్లీ సిరామిక్ బంతే వేయాలి.

పగలడం కంటే ఎక్కువగా చూసేది చప్పుడు. కొందరికి అడుగు వేసినప్పుడల్లా కిర్రుమంటుంది. నా దగ్గరికొచ్చిన ఒకాయన, గుళ్లో ప్రదక్షిణలు చేస్తుంటే వెనకాల వాళ్లు తలుపు బందులకు నూనె వేయలేదేమో అనుకుంటున్నారని మొహం చిన్నబుచ్చుకుని చెప్పాడు. నొప్పి లేదు, ఎక్స్‌రే బాగుంది, చప్పుడొక్కటే. ఏం చేయను? కప్పు కొంచెం నిట్టనిలువుగా కూర్చున్నా, కాలు బాగా మడిచినప్పుడు కాడ మెడ లైనరు అంచుకు తగిలినా ఇలాంటివి రావచ్చు. పాలీ అంచు తగిలితే నొక్కుకుంటుంది, సిరామిక్ అంచు అలా లొంగదు. ఇంగ్లండు వాళ్లు కుర్చీలో కూర్చుంటారు. మనం కింద కూర్చుంటాం, వంగుతాం, గొంతుక్కూర్చుంటాం. ఆ అంచుకు తగిలే అవకాశం మనకే ఎక్కువ. ఇంగ్లండులో కూడా 2011 తర్వాత సిరామిక్ ఆన్ సిరామిక్ వాడకం ఏటికేడు తగ్గుతూ, సిరామిక్ ఆన్ పాలీ పైకొచ్చింది. అక్కడ డబ్బు చాలక మానేశారనుకోవడానికి లేదు. కొత్త పాలీ వచ్చాక లక్షా పాతిక వేలకు తగిన లాభం లైనరులో కనబడటం లేదు, అంతే.

మరి బంతి మాత్రం సిరామిక్ ఎందుకు, లోహం చాలదా? డెబ్బై ఏళ్ల వాళ్లకు చాలు. లోహపు బంతి కాడ మెడ మీద కూర్చునే చోట, రెండు లోహాల మధ్య ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కదలికా, తుప్పూ వస్తాయి. కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి వస్తాయి. బంతి పెద్దదయ్యేకొద్దీ ఆ చోట బరువు పెరుగుతుంది. ముప్పై నలభై ఏళ్లు నడవాల్సిన మనిషికి ఆ గొడవ లేకుండా సిరామిక్ బంతి పెట్టడం మంచిదని నా అభిప్రాయం. రెండో వరుసకూ మొదటి వరుసకూ ఉన్న తేడాలో నేను ఒప్పుకునే ఖర్చు ఇదొక్కటే.

మీ కాగితంలో నాలుగో రకం, మెటల్ ఆన్ మెటల్, లేనందుకు సంతోషం. పదిహేను, ఇరవై ఏళ్ల కిందటైతే మీ ఆయనలాంటి కుర్రవాడికి ముందు అదే చూపించేవారు. లోహపు గిన్నె, లోహపు బంతి, అరగదు, బంతి పెద్దది కాబట్టి జారదు, ఆటలాడుకోవచ్చు అని. డీప్యూ కంపెనీవాళ్ల ఏఎస్ఆర్ అనే మోడల్ అలా వచ్చిందే. కప్పును అర్ధగోళం కంటే లోతు తక్కువ చేశారు, కాలు ఇంకా బాగా కదలాలని. ఆ తగ్గించిన లోతే కొంప ముంచింది. బంతి కప్పు అంచుమీద రాసుకుని, కోబాల్ట్, క్రోమియం పొడి చుట్టుపక్కల కండను చంపేసింది. 2007 నుంచే ఆస్ట్రేలియా రిజిస్ట్రీలో దీని రీ ఆపరేషన్ల లెక్క మిగతావాటికంటే పైకి లేస్తూ కనబడింది. 2009 చివర్లో అక్కడి మార్కెట్ నుంచి, 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అప్పటికే 93 వేల మంది ఒంట్లో ఉంది.

అందులో మన దేశంలో వేసినవి దాదాపు 4,700. కేంద్ర ప్రభుత్వం 2017లో డాక్టర్ అరుణ్ అగర్వాల్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2018 నవంబరులో పరిహారం 30 లక్షల నుంచి 1.23 కోట్ల వరకు అని సూత్రం ఖరారు చేశారు. కానీ ఇవ్వడానికి మనుషులు దొరకాలి కదా. వేల మంది ఆచూకీ చిక్కలేదు. ఎవరి తుంటిలో ఏముందో వాళ్లకే తెలియదు, చాలామంది దగ్గర కాగితం లేదు. నా దగ్గరికి కూడా ఇద్దరొచ్చారు. 'ఇంపోర్టెడ్ వేశారండీ' అన్నారు. అంతే వాళ్లకు తెలిసింది. మీ కాగితంలో ఆ మాట కింద రెండు గీతలు చూడగానే నాకు వాళ్లే గుర్తొచ్చారు.

ఈ కథ చెప్పింది భయపెట్టడానికి కాదు. ఏఎస్ఆర్ వేసిన సర్జన్లు చేతగానివాళ్లు కారు, రోగులు డబ్బుకు వెనకాడినవాళ్లూ కారు. ఖరీదైనదే వేయించుకున్నారు, కొత్తదే వేయించుకున్నారు. తుంటి ఇంప్లాంట్‌లో 'కొత్తది' అంటే ఇంకా ఎవరి ఒంట్లోనూ పదేళ్లు నిలవనిది అని అర్థం. ఫోన్ కొనేటప్పుడు కొత్త మోడల్ అడగండి, ఇక్కడ పాత మోడల్ అడగండి.

ఇక సిమెంటు సంగతి. లండన్లో ఉన్న మీ చెల్లెలు చెప్పిందీ నిజమే, మీ డాక్టరుగారు చెప్పిందీ నిజమే. సిమెంటు అంటే ఇల్లు కట్టేది కాదు, యాక్రిలిక్. థియేటర్లో పొడి, ద్రవం కలిపితే గోళ్ల రంగు వాసన గుప్పున కొడుతుంది, పది పన్నెండు నిమిషాల్లో రాయైపోతుంది. ఆపరేషన్ మర్నాడే పూర్తి బరువు మోస్తుంది. వయసు మీదపడి ఎముక గుల్లబారినవాళ్లకు కాడను సిమెంటుతో బిగిస్తేనే మేలు, లేకపోతే సుత్తితో కాడను దించేటప్పుడో, తర్వాత చిన్నగా పడినప్పుడో తొడ ఎముక చీలే ప్రమాదం ఎక్కువ. మీ చెల్లెలు వార్డులో చూసేది ఎక్కువగా పెద్దవాళ్లనే. సిమెంటు లేని కాడలు టైటానియంవి, పైన గరుకుగా ఉంటాయి. చాలావాటికి ఎముకలో ఉండే ఖనిజంలాంటి హైడ్రాక్సీ ఎపటైట్ పూత ఉంటుంది. బిగుతుగా దించితే రెండు మూడు నెలల్లో ఎముక దానిలోకి అల్లుకుంటుంది. 43 ఏళ్ల గట్టి ఎముకకు ఇది చక్కగా సరిపోతుంది. కాబట్టి సిమెంటు పాతదనీ, లేనిది కొత్తదనీ కాదు. ఫ్రాన్స్‌లో పుట్టిన కొరైల్ అనే సిమెంటు లేని కాడ 1986 నుంచి వాడుకలో ఉంది.

పాతకాలపు సిమెంటు కాడల్లో ఎక్సెటర్ది ఒక ముచ్చట ఉంది, చెప్పకుండా ఉండలేను. ఇంగ్లండులోని ఎక్సెటర్ ఊళ్లో రాబిన్ లింగ్ అనే సర్జన్, క్లైవ్ లీ అనే ఇంజినీరు కలిసి 1970లో చేశారు. అద్దంలా మెరిసే నున్నటి కాడ. బాగా నిలిచింది. 1976లో ఉపరితలాన్ని మెరుపు లేకుండా మాట్‌గా మార్చారు. ఆకారం అదే, లోహం అదే తీరు, పైన మెరుపు మాత్రమే పోయింది. కొన్నేళ్లకు కాడలు లూజవడం మొదలైంది. నున్నటిదైతే సిమెంటులో వెంట్రుకవాసి కిందికి దిగి ఇంకా బిగుసుకుంటుంది, గరుకుదైతే సిమెంటును గీకుతుంది. పదేళ్ల తర్వాత, 1986లో మళ్లీ మెరుపుకే తిరిగొచ్చారు. ఇప్పటికీ ఇంగ్లండులో ఎక్కువగా వాడే సిమెంటు కాడ అదే. ఎవరైనా మీకు 'ఇదీ అలాంటిదేనండీ, కంపెనీ వేరంతే' అని చెబితే ఈ ముచ్చట గుర్తుచేసుకోండి. అలాంటిదే వేరు, అదే వేరు.

ఏది పాతదో, ఏది నిలిచిందో మీకెలా తెలుస్తుంది? ఇంగ్లండులో ఓడెప్ అనే నిపుణుల బృందం ఒక్కో మోడల్‌కు మార్కు వేస్తుంది. 10ఎ స్టార్, 13ఎ స్టార్, 15ఎ స్టార్ అని ఉంటుంది. అంకె అంటే ఎన్నేళ్ల లెక్కలు ఉన్నాయో, అక్షరం అంటే ఆ లెక్కలు ఎంత గట్టివో, స్టార్ ఉంటే రీ ఆపరేషన్లు కఠినమైన హద్దులోపల ఉన్నట్టు. పదేళ్లకు ఆ హద్దు నూటికి ఐదుగురు. మోడల్ పేరు తెలిస్తే ఇంటర్నెట్లో మీ పిల్లలు ఐదు నిమిషాల్లో చూడగలరు. కప్పుకు వేరే మార్కు, కాడకు వేరే మార్కు ఉంటాయి, రెండూ చూడండి. మన దేశంలోనూ సర్జన్ల సంఘం నడిపే రిజిస్ట్రీ ఉంది కానీ అందులో రాయడం సర్జన్ ఇష్టం. అందుకే పరాయి దేశాల పుస్తకాలు తిరగేయాల్సి వస్తోంది. మన దేశంలో తయారైనది కాబట్టి మంచిది కాదని నేను అనను. ఎన్నేళ్ల లెక్క ఉందని మాత్రం అందరినీ ఒకేలా అడుగుతాను.

ఎముకను మిగిల్చే పొట్టి కాడ అనో, బంతికి టోపీ మాత్రమే తొడిగే రీసర్ఫేసింగ్ అనో ఎవరైనా చెప్పవచ్చు. రీసర్ఫేసింగ్ మీ ఆయనకు కుదరదు. ఏవీఎన్‌లో చచ్చిపోయింది ఆ బంతి ఎముకే, దానికి టోపీ తొడిగి ఏం లాభం? అదీ కాక ఇన్నాళ్లూ వాడుకలో ఉన్నది మెటల్ ఆన్ మెటలే.

జన్మలో మళ్లీ చూసుకోనక్కర్లేదన్న మాట దగ్గరికి వద్దాం. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద లెక్క వచ్చింది. వేసిన తుంటుల్లో 25 ఏళ్లు నిలిచేవి నూటికి 58. ఇవి చాలావరకు పాత పాలీ కాలపువి, కనుక ఇప్పటివి ఇంకా మెరుగ్గా ఉండాలి. 2017లో అదే పత్రికలో ఇంకో లెక్క: డెబ్బైలో చేయించుకున్న మగవాళ్లలో జీవితకాలంలో రీ ఆపరేషన్ అవసరమయ్యేది నూటికి ఐదుగురికి, యాభై దాటగానే చేయించుకున్న మగవాళ్లలో నూటికి 35 మందికి. మీ ఆయనకు 43. ఇంకోసారి తప్పదని కాదు, ఇంకోసారి ఉండొచ్చని ఇప్పుడే అనుకుని చేయించుకోవాలి. అలా అనుకుంటే ఎంపిక కూడా మారుతుంది. పాలీ అరిగితే, కప్పు ఎముకకు గట్టిగా పట్టి ఉంటే, లైనరొక్కటే మార్చి బయటపడొచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కప్పుకు సరిపోయే లైనరు దొరకాలి కదా! ఆ కంపెనీ అప్పటికి ఉండాలి, ఆ సైజు చేస్తుండాలి. ఎక్కువమందికి వేసిన పాత మోడల్ ఎంచుకోమనడానికి నాకున్న రెండో కారణం ఇది. 'లైఫ్‌టైమ్ వారంటీ' అని ఎవరైనా అంటే ముక్కకా, ఆపరేషన్ ఖర్చుకా అని రాతపూర్వకంగా అడగండి.

కింద కూర్చోవడం: మొదటి మూడు నెలలు వద్దు. ఆ తర్వాత బాసింపట్టు వేసుకుని భోంచేయడానికి చాలామంది సర్జన్లు ఒప్పుకుంటారు, నేనూ ఒప్పుకునేవాణ్ని. వెనకవైపు నుంచి చేసిన ఆపరేషన్లో బంతి జారే భంగిమ వేరు. మోకాలు ఛాతీ వైపు మడిచి, కాలు లోపలికి తిప్పి, రెండో కాలి మీదుగా అడ్డం వేయడం. ముక్కాలిపీట మీద కూర్చుని పక్కకు వంగి చెప్పు బకిల్ పెట్టుకోవడం అలాంటిదే. నేలబారు మరుగుదొడ్డి మాత్రం మానేసి ఇంట్లో కమోడ్ పెట్టించండి. ఆ లక్షా పాతిక వేలల్లో అదెంత? బంతి సైజు కూడా ఇక్కడే పనికొస్తుంది. చార్న్‌లీ వాడినది 22 మిల్లీమీటర్లది. ఇప్పుడు కప్పు సైజు సరిపోతే 32, 36 వేస్తారు. బంతి పెద్దదైతే గిన్నెలోంచి జారడానికి ఎక్కువ దూరం ఎక్కాలి, అంత తేలిగ్గా ఊడదు. మరీ పెద్దదైతే లైనరు పల్చబడుతుంది, కాబట్టి ఆ లెక్క సర్జన్‌కు వదిలేయండి. డ్యుయల్ మొబిలిటీ అని ఫ్రాన్స్ వాళ్ల పద్ధతి ఒకటుంది. చిన్న బంతి పెద్ద పాలీ బంతిలో, ఆ పాలీ బంతి కప్పులో, రెండుచోట్లా తిరుగుతుంది. పెద్దవాళ్లకు, కండ బలహీనమైనవాళ్లకు, రీ ఆపరేషన్లకు బాగుంటుంది. మీ ఆయనకు అవసరం ఉంటే డాక్టరుగారే చెబుతారు, మీరుగా అడగనక్కర్లేదు.

నిచ్చెన ఎక్కొచ్చు. మూడు నెలలు దాటి, నడక కుదిరి, కండ పట్టాక, డాక్టరుగారు సరేనన్నాక. చివరి రెండు మెట్లు దిగకుండా కిందికి దూకే అలవాటు ఎలక్ట్రీషియన్లకు ఉంటుంది, అది మాన్పించండి. మోటార్లు భుజాన మోయడం శిష్యులకు అప్పగించమనండి.

డబ్బు విషయంలో ఒక మాట. ఆస్పత్రి ఎంచుకునేటప్పుడు ఇంప్లాంట్ మీద పెట్టే బేరం కంటే, ఆ సర్జన్ నెలకు ఎన్ని తుంటులు చేస్తారు, ఆ మోడల్ ఎన్నాళ్లుగా వేస్తున్నారు, చీము పట్టిన కేసులు వచ్చాయా అన్నవి ముఖ్యం. చీము పడితే ఏ సిరామిక్కూ కాపాడదు. చేయి తిరిగిన సర్జన్ వేసిన మెటల్ ఆన్ పాలీ, చేయి తిరగని సర్జన్ వేసిన సిరామిక్ ఆన్ సిరామిక్ కంటే నయం. మీ ఆరోగ్య పథకం కార్డు మీద ఏమేరకు వస్తుందో, ఏ ఇంప్లాంట్ ఇస్తారో ఆస్పత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఆయనకు సిగరెట్, మందు అలవాట్లుంటే ఇప్పుడే ఆపించండి. పుండు మానడానికీ మంచిది, ఎడమ తుంటికీ మంచిది.

ఆ ఎడమ తుంటి గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు మాత్రం దాని మీదే ఎక్కువ ధ్యాస ఉంది. బంతి కుంగకముందైతే ఎముకలో రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే కోర్ డీకంప్రెషన్ లాంటి దారులు ఉంటాయి. కుంగాక ఉండవు. కుడివైపు హడావిడిలో పడి ఎడమవైపు ఆర్నెల్లు మర్చిపోయినవాళ్లను చాలామందిని చూశాను. కుడి ఆపరేషన్ తేదీ తీసుకునే రోజే ఎడమదానికి ఏం చేస్తారు, మళ్లీ ఎంఆర్‌ఐ ఎప్పుడు అని అడిగి రాయించుకోండి.

ఇంకొకటి. ఆ నాలుగు ముక్కలూ నాలుగు డబ్బాల్లో వస్తాయి. ఒక్కో డబ్బాలో అంటించడానికి చిన్న స్టిక్కర్లు ఉంటాయి: కంపెనీ పేరు, మోడల్ పేరు, సైజు, ఆర్ఈఎఫ్ నంబరు, లాట్ నంబరు. థియేటర్లో వాటిని కేస్ షీట్‌లో అంటిస్తారు, అదనంగా కొన్ని మిగులుతాయి. ఆపరేషన్‌కు ముందు రోజే సిస్టరుగారితో చెప్పి ఉంచండి, ఒక సెట్టు డిశ్చార్జ్ సమ్మరీకి అంటించి ఇమ్మని. ఇవ్వకపోతే కేస్ షీట్‌లో ఆ పేజీ ఫొటో తీసుకోండి. నాలుగు స్టిక్కర్లూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. లైనరుదే ఎక్కువగా తప్పిపోతుంటుంది. ఒక కాపీ బీరువాలో గాజుల పక్కన పెట్టండి, ఒకటి లండన్లో ఉన్న మీ చెల్లెలికి వాట్సాప్ చేయండి.